పిడికెడు వేరుమన్ను

ఆంజినమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊళ్లో అందరికీ తెలుసు. ఆ కోపానికి కారణం కూడా ఉంటుందని మాత్రం ఎప్పుడో ఆలస్యంగా తెలుస్తుంది. ముదిగుబ్బకు ఆరు మైళ్ల దూరంలో, ఎర్రటి గులకరాళ్ల గరుగు నేల మీద ఉన్న ఆ ఊరికి ఆమె కోడలిగా వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఈ ముప్పై ఏళ్లలో ఆమె నోట "తప్పయింది" అన్న మాట విన్నవాళ్లు లేరు. అలాగని తప్పులు చేయలేదని కాదు. తప్పు దిద్దుకునేదాకా నోరు విప్పదు, దిద్దుకున్నాక ఇంక చెప్పాల్సిన పని ఉండదు.

అంతటి మనిషికి మండిపోయే మాట ఒకటి అన్నాడు శ్రీరంగప్ప. ఆయన ఆమెకు బావ, భర్త తిమ్మన్నకు అన్న. అన్నదమ్ములు ఇంకా పంచుకోలేదు కాబట్టి పాసుపుస్తకం ఆయన పేరే, ఇంటి పెత్తనం ఆయనదే. మంచివాడే, కానీ ఒకసారి అన్నమాట వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాదు. వేసవిలో ఒకనాటి పొద్దున, రాగి సంగటి ముద్ద చేతిలో ఉండగానే, గుట్టకింది మూడెకరాలను సోలార్ కంపెనీకి ఇచ్చేద్దామని తేల్చేశాడు.

"మూడేండ్లుగా పెట్టిన విత్తనం గూడ తిరిగి రాలే. ఆ నేల సచ్చిపోయిందమ్మా. సోలారోళ్లు ముప్పై ఏండ్లకు కౌలుకు అడుగుతాండారు. పలకలు పెట్టుకోనీ, మనకేం పోతాది?"

"నేల సావలేదు బావా," అంది ఆంజినమ్మ. "దానికి తోడు పోయింది."

"తోడా? ఎవురు?"

"బూజు."

శ్రీరంగప్పకు పొలమారింది. తిమ్మన్న నీళ్లచెంబు అందించి, నవ్వాలో వద్దో తెలియక గోడ వైపు తిరిగాడు. వేరుశెనగకు బూజు పడితే ఏమవుతుందో ఆ ఇంట్లో చంటిపిల్లకు కూడా తెలుసు. బూజు పోయిందని ఏడ్చే మనిషిని మాత్రం ఎవరూ చూసి ఉండరు.

ఆమె మాటకు మూలం కొత్తచెరువులో ఉన్న పుట్టింట్లో ఉంది. వాళ్ల అవ్వ ఏ మొక్కనైనా ఒకచోట తీసి ఇంకోచోట నాటితే, పాత చెట్టు మొదట్లోంచి పిడికెడు మన్ను తెచ్చి కొత్త గుంతలో వేసేది. ఎందుకవ్వా అని అడిగితే, "పుట్టింటి సారె లేకుండా ఎవురన్నా కాపురానికి పోతారా?" అనేది. ఆంజినమ్మ ఆ అలవాటు తెచ్చుకుందిగానీ అర్థం తెచ్చుకోలేదు. అర్థం చాలా ఏళ్లకు, వ్యవసాయ శిక్షణలో, వనజాక్షి అనే మేడం చెప్పినప్పుడు దొరికింది. మేడం గుట్ట మీది సీతాఫలం చెట్టు వేరు ఒకటి తెచ్చి, ఉడికించి, సిరాలో ముంచి, మైక్రోస్కోపు కింద పెట్టింది. ఆంజినమ్మ ఒక కన్ను మూసి చూసింది. వేరు లోపల నీలంగా సన్నటి పోగులు, కొమ్మలు కొమ్మలుగా పాకి ఉన్నాయి.

ఆ పోగులు వేరులో పుట్టిన రోగం కాదట. వేరుతో కాపురం చేసే బూజట. వేరు దూరలేని రాతి సందుల్లోకి అది దూరి, అక్కడ మిగిలిన తడినీ భాస్వరాన్నీ పట్టుకొచ్చి వేరుకిస్తుంది. ఆకులు ఎండలో వండుకున్న తీపిలోంచి మొక్క దానికి వాటా పెడుతుంది. వాన ముఖం చాటేసినా గుట్ట మీది సీతాఫలం చావకపోవడానికి కారణం ఆ లోపలి సావాసమే. ఊరికే పెట్టేవాళ్లు ఈ లోకంలో లేరు, బూజైనా అంతే, అనుకుంది ఆంజినమ్మ. ఆమెకు ఆ లెక్క బాగా నచ్చింది.

మరి గుట్టకింది చేనులో అది ఎందుకు లేకుండా పోయింది? ఏటేటా అదే వేరుశెనగ, ఏటేటా లోతు దుక్కి, బస్తాల కొద్దీ ఎరువు. తిండి బస్తాలో దొరుకుతుంటే మొక్క బూజును పిలవదు. పంట పీకేశాక ఎనిమిది నెలలు నేల బోడిగా ఎండుతుంది, పట్టుకోవడానికి పచ్చి వేరు ఒక్కటీ లేక బూజు చస్తుంది. నేల చావలేదు, మనమే దాని తోడును తరిమేశాం. ఈ సంగతంతా ఆమె బావకు విడమరిచి చెప్పి, బూజును మళ్లీ తెచ్చి ఆ చేనులో సీతాఫలం మొక్కలు బతికించి చూపిస్తానంది. ఆయన చెయ్యి కడుక్కుంటూ విన్నాడు.

"మాటలు నాకొద్దు. ఒక మూల ఎకరంలో నాటు. రేపు వచ్చే ఎండాకాలం దాటి సగం బతికితే ఆ సేను జోలికి రాను. సగానికి ఒకటి తగ్గినా నేను సంతకం పెడతా, నువ్వు నోరెత్తగూడదు."

"ఎత్తను," అంది ఆంజినమ్మ.

ఆమెకు ఆ చేనంటే ప్రాణం. కొత్తకోడలిగా వచ్చిన ఏడాది మొదటిసారి గొర్రు వెనక విత్తనం వదిలింది అక్కడే. బిడ్డలను గట్టు మీద చీర ఉయ్యాలలో పడుకోబెట్టి కలుపు తీసింది అక్కడే. దాన్ని ఇనుప కంచె అవతలినుంచి చూడాల్సి వస్తుందన్న తలపునే ఆమె దగ్గరికి రానిచ్చేది కాదు. ఆ సంగతి బావకు చెప్పలేదు. చెబితే జాలిపడి ఒప్పుకునేవాడేమో. జాలితో వచ్చే చేను ఆమెకు వద్దు.

పెరట్లో ఇటుకలు పెట్టెలా పేర్చి, పట్ట పరిచి, ఇసుక, ఎర్రమన్ను నింపి, గుట్ట మీది సీతాఫలం వేళ్లను మన్నుతో సహా తెచ్చి అందులో కలిపింది. పైన జొన్నలు చల్లింది. జొన్న నడుమెత్తు పెరిగాక నీళ్లు ఆపేసింది. ఇరుగమ్మ చూసి, "పెంచిన పైరును సంపుతాండావే," అని బుగ్గలు నొక్కుకుంది. నీళ్లు ఆగితే బూజు భయపడి గింజ కడుతుంది, ఆ గింజే విత్తనం, అని వనజాక్షి మేడం చెప్పింది. జొన్న ఎండాక వేళ్లు పీకి, కత్తిపీటతో ముక్కలు తరిగి, ఆ మన్నులోనే కలిపింది. దానికి వేరుమన్ను అని పేరు పెట్టుకుంది. జులైలో వాన పడి నేల పదును కాగానే పన్నెండు వరుసలు, వరుసకు ఇరవై, మొత్తం రెండు వందల నలభై సీతాఫలం మొక్కలు నాటింది. గుంత గుంతకూ పిడికెడు వేరుమన్ను. గుట్ట పక్క ఆరు వరుసలు, బాట పక్క ఆరు వరుసలు. పెట్టెలో చారెడు కూడా మిగల్లేదు.

ఇప్పుడు తిమ్మన్న గురించి చెప్పాలి. ఆయన్ను ఊళ్లో తిమ్మన్న అనరు, మందు తిమ్మన్న అంటారు. వేరుశెనగ విత్తే కాలం వస్తే చుట్టూ పదహారు ఊళ్లవాళ్లు ఆయన కోసం బండ్లు పంపుతారు. పట్ట మీద విత్తనం పరిచి, తెగులు మందు చల్లి, గంజి చిలకరించి, ఒక్క పప్పు పొర లేవకుండా, ఒక్క గింజ కూడా మందు అంటకుండా మిగిలిపోకుండా కలపడంలో ఆయన చేతికి సాటి లేదు. ఆయన కలిపిన విత్తనం భూమిలో కుళ్లదు. మాట తక్కువ మనిషి. అన్న ముందు అయితే ఆ తక్కువ కూడా ఉండదు. ఆయనకున్న గొప్పంతా ఆ రెండు చేతుల్లోనే ఉంది.

సెప్టెంబరులో ఆంజినమ్మ తల్లి కాలు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆంజినమ్మ కొత్తచెరువుకు వెళ్లి పది రోజులు ఉండిపోయింది. ఆ పది రోజుల్లో రెండు మంచి వానలు పడ్డాయి. తిమ్మన్న రోజూ చేను చూసి వచ్చేవాడు. ఒకరోజు రెండు మొక్కలు తల వాల్చి కనిపించాయి. పాదు గెలికి చూస్తే, జొన్నవేళ్ల ముక్కల మీద తెల్లగా బూజు. అది ఆంజినమ్మ పెంచిన బూజు కాదు. ఆమెది కంటికి ఆనేది కాదు. ఇది తడికి కుళ్లిన వేళ్ల మీద మామూలుగా లేచే బూజు. తిమ్మన్నకు ఆ తేడా ఎవరు చెప్పారు? ముప్పై ఏళ్లుగా ఆయనకు తెలిసింది ఒక్కటే. తెల్లగా కనిపిస్తే మందు. భార్య ఇంట్లో లేదు, మొక్కలు పోతే ఆమె చేను పోతుంది. ఆయన డ్రమ్ములో మందు కలుపుకుని, బాట పక్కనుంచి మొదలుపెట్టి, పాదు పాదుకూ చెంబుతో పోశాడు. ఆరు వరుసలకు పొట్లాలు అయిపోయాయి.

ఆమె బస్సు దిగగానే ఎదురొచ్చి సంచి అందుకున్నాడు. మామూలుగా మాట్లాడని మనిషి ఆరోజు దారి పొడుగునా మాట్లాడాడు.

"నీ శెట్లకు వేరుకుళ్లు తగిలిండె. నేను సూసుకున్నా కాబట్టి సరిపోయింది. మందు పోసినా. సగానికి పోసినా, మిగిలిన సగం రేపు పోస్తా."

ఆంజినమ్మ బాట మధ్యలో ఆగిపోయింది. "యా పక్క సగం?"

"బాట పక్క."

నేరుగా చేనుకు పోయి, బాట పక్క వరుసలో కూర్చుని, తడిమట్టిని వేళ్లతో నలిపి వాసన చూసింది. మందు కంపు. మంచికి పోతే చెడు ఎదురైనట్టు అంటారే, అంతకంటే నిజమైన సామెత ఆమెకు ఆ క్షణంలో ఇంకోటి తోచలేదు. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. కోపం వచ్చి ఉంటే తిమ్మన్నకు తేలికగా ఉండేది. ఆమె మెల్లిగా, ఏ నిష్ఠూరమూ లేకుండా, అది ఏ బూజో, మందు దేన్ని చంపిందో చెప్పింది. ఆయన ముఖం రంగు మారిపోయింది. తన చేతులవైపు చూసుకున్నాడు.

"అన్నకు చెప్తా," అన్నాడు.

"చెప్పగాకు. ఎవురికీ చెప్పొద్దు. మందు తిమ్మన్న పెండ్లాం శెట్లను మందేసి సంపినాడని తెలిస్తే, రేపు నీ చేత విత్తనం ఎవురు కలిపిస్తారు? సేను పోతే కౌలుకు ఇంకోటి దొరుకుతాది. నీ పేరు పోతే యాడ తెస్తాం?"

మర్నాడు వేళ్లు తీసుకుని వనజాక్షి మేడం దగ్గరికి పోయింది. గుట్ట పక్క వేరులో నీలి పోగులు నిండుగా ఉన్నాయి. బాట పక్క వేరులో దాదాపు ఏమీ లేవు. మళ్లీ వేరుమన్ను తయారు చేయాలంటే మూడు నెలలు పడుతుంది, అప్పటికి వానలు ఉండవు. "పచ్చి వేరుంటే అదే మెల్లగా పాకుతుందమ్మా. కానీ ఎంత దూరం పోతుందో చెప్పలేను," అంది మేడం. అంతమాత్రం చాలు ఆంజినమ్మకు. బాగున్న మొక్కల పక్కనుంచి, వాటికి నొప్పి తగలకుండా, చిటికెడు చిటికెడు మన్ను తీసి దగ్గరి వరుస పాదుల్లో పెట్టింది. బతికినవాటి దగ్గర మాత్రం ఎంతని తీస్తాం, ఒక్క వరుసకే సరిపోయింది. మిగతావాటికి గుట్ట పక్కనుంచి బాట పక్కకు అడ్డంగా అలసంద విత్తింది. అలసంద వేరు పట్టుకుని బూజు నడిచి రావాలి. తిమ్మన్న ఆమె చెప్పకుండానే రోజూ వచ్చి, కలుపు తీసి, ఒక్క మాట లేకుండా ఇంటికి పోయేవాడు.

అక్టోబరు నడుమనే వానలు ఆగిపోయాయి. డిసెంబరుకు అలసంద ఎండింది. దాన్ని పీకకుండా పాదుల మీద కప్పింది. అప్పటినుంచి అన్ని వరుసలకూ ఒకటే కొలత, పదిహేను రోజులకు మొక్కకు రెండు చెంబుల నీళ్లు. మార్చిలో సీతాఫలం ఆకు రాల్చింది. ఏప్రిల్లో నేల నెర్రెలు విచ్చి, బాట మీద నడిచే గొర్రెలు కూడా ఆ చేనువైపు తల తిప్పడం మానేశాయి. చూసినవాళ్లకు అవి రెండు వందల నలభై పుల్లలు. ఆంజినమ్మ మాత్రం గుట్ట పక్క వరుసల్లో నడుస్తుంటే గుండె నిబ్బరంగా ఉండేది. బాట పక్కకు వస్తే నడక వేగం పెంచేది.

మే నెల చివర ఒక పొద్దున శ్రీరంగప్ప కండువా తలకు చుట్టుకుని చేనుకు వచ్చాడు. ఆకు రాల్చిన సీతాఫలం బతికుందో లేదో చూడటం ఆ ఊళ్లో పిల్లలకు కూడా తెలిసిన విద్య. గోటితో బెరడు గీకితే పచ్చగా ఉంటే బతికినట్టు, గోధుమరంగుగా ఉంటే పోయినట్టు. ఆయన ఎవరినీ నమ్మకుండా తన గోటితోనే గీకాడు. గుట్ట పక్కనుంచి మొదలుపెట్టాడు. మొదటి వరుసలో పదిహేడు పచ్చగా వచ్చాయి. రెండో వరుసలో పదహారు. మూడో వరుస దాటేసరికి ఆయన తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకున్నాడు. ఆరు వరుసలు అయ్యేసరికి నూట ఇరవైకి తొంభై ఎనిమిది.

"ఈ ఎండకు?" అన్నాడు, తనలో తాను అన్నట్టు.

తర్వాత బాట పక్క వరుసలు వచ్చాయి. మొదటిదాంట్లో తొమ్మిది పచ్చగా ఉన్నాయి. రెండోదాంట్లో మూడు. ఆపైన గోరు పెడితే చాలు, పుల్లలు విరిగి చేతికొచ్చాయి. చివరి వరుస చివరి మొక్క దగ్గర శ్రీరంగప్ప నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"నూటపది. పది తక్కువ."

"ఔ బావా," అంది ఆంజినమ్మ.

శ్రీరంగప్ప వెంటనే కదల్లేదు. ఎంతైనా సేద్యగాడు. కళ్లు వరుసల మీద అటూ ఇటూ తిరిగాయి. "ఇదేందమ్మా ఇట్లుండాది? పైన నిండుగా ఉండాయి. ఆడ తొమ్మిది, ఈడ మూడు, ఇంగ ఆమీట సున్న. గీత గీసినట్ల."

"ఈ పక్క రాయెక్కువ బావా. అందుకే."

"రాయా? రాయి గుట్ట పక్క గదా ఉండేది. ఈ పక్కదే మంచి మన్ను. మా నాయన కాలం నుంచి ఈ పక్కే పంట ఎక్కువ."

ఆంజినమ్మ తల దించుకుంది. అబద్ధం చెప్పడం ఆమెకు అలవాటు లేదు, ఆ చేతకానితనం ముఖం మీదే కనిపించింది. అంతవరకూ గట్టు మీద నిలబడ్డ తిమ్మన్న చెప్పులు విడిచి, పాదులు దాటుకుంటూ వచ్చి, అన్నకు ఎదురుగా నిలబడ్డాడు.

"రాయి కాదన్నా. నేను."

"నువ్వేంది?"

"ఈ ఆరు వరసలకు తెగులు మందు పోసినా. అది ఊళ్లో లేనప్పుడు. వేరుకుళ్లనుకున్యా. అది పెంచిన బూజును నేను సంపినా. ఎవురికీ చెప్పొద్దనింది. నా పేరు పోతాదని." ఆయన ఒకసారి ఊపిరి పీల్చుకున్నాడు. "పోతే పోనీ. అది ఓడిపోలేదన్నా. ఈ లెక్క తప్పు."

తమ్ముడు తన ముందు ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం శ్రీరంగప్ప చూడటం అదే మొదలు. ఆంజినమ్మకు కూడా అదే మొదలు. చేను ఏమైనా కానీ అనిపించింది ఆమెకు ఆ నిమిషంలో. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మనిషి ఆమె పక్షాన నోరు తెరిచి నిలబడ్డాడు, అదీ ఊరంతా మెచ్చుకునే తన చేతులను తానే తప్పుపట్టుకుని.

శ్రీరంగప్ప గుట్ట పక్కకు నడిచి, ఒక మొక్క మొదట్లో కూర్చుని, ఇంకోసారి గోటితో గీకాడు. తర్వాత లేచి చేతులు దులుపుకున్నాడు.

"మందు పడినవి లెక్కలోకి రావు. నూటిరవైకి తొంభై ఎనిమిది," అన్నాడు. బాట మీదికి వెళ్లి, తలగుడ్డ చుట్టుకుంటూ, వెనక్కి తిరగకుండానే ఇంకోమాట అన్నాడు. "సోలారోళ్లకు ఫోన్ చేసి చెప్తాలే. సేను ఖాళీ లేదని."

జూన్ లో తొలకరి పడింది. ఊరి మధ్య పట్ట మీద వేరుశెనగ విత్తనం కుప్పలు లేచాయి. మందు తిమ్మన్న కోసం ఆ ఏడూ బండ్లు వచ్చాయి. మాట బయటికి పొక్కకుండా ఉంటుందా? పొక్కింది. కొందరు నవ్వుకున్నారు, అయినా విత్తనం మాత్రం ఆయన చేతే కలిపించుకున్నారు. విత్తనం కుళ్లకుండా కాపాడే చెయ్యి ఇంకెక్కడా లేదు మరి. ఆయన మొదటి పొట్లం చించబోయి ఆగి, పక్కనే చేట పట్టుకుని ఉన్న భార్యను అడిగాడు.

"ఏమే, దీనికి కలపొచ్చు గదా?"

"కలుపు. శెనక్కాయకు కుళ్లొస్తే మనం తినేదేంది? చెయ్యి మాత్రం బాగా కడుక్కోని సేనుకాడికి రా."

ఆయన సీకాయపొడితో రెండుసార్లు కడుక్కుని వచ్చాడు. ఆంజినమ్మ పెరటి పెట్టెలో ఈసారి రెట్టింపు వేరుమన్ను సిద్ధంగా ఉంది. బాట పక్క ఆరు వరుసల్లో ఎండిన పుల్లలు పీకి, గుంతలన్నీ తిమ్మన్నే తవ్వాడు. మొక్కలు ఆమె అందించింది, వేరుమన్ను ఆయన వేశాడు. మొదటి గుంతలో పిడికిలి తెరవబోతూ తలెత్తి ఆమె వైపు చూశాడు. పదహారు ఊళ్లకు మందు కొలత చెప్పే మనిషి.

"ఇంత చాల్నా, ఇంకొంచెం వెయ్యాల్నా?"

"చాలు," అంది ఆంజినమ్మ.